హైపో దగ్గర తొందరపడకురా

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు కడిగి పంపిన ఫోటో ప్రింట్లు అందాయి. వీధి గుమ్మంలో వెలుతురుకి పెట్టి ఒక్కొక్కటే చూశాను. బొమ్మ కట్టడం నీకు వచ్చేసింది. మీ నాయనమ్మ ముక్కుపుడక మెరుపు కూడా దిగింది. రంగు దగ్గరే దెబ్బతిన్నావు. ఒకదానికి తెలుపంతా పసుపు తిరిగింది, ఇంకోదానికి మూలన ఊదా మచ్చ, మూడోదానిలో నలుపు నలుపులా లేదు, కషాయం రంగులో ఉంది. "పేపరు మంచిది కాదేమో మామయ్యా" అని రాశావు. ఈ పనిలో చేయి తిరగనివాళ్ళందరికీ ముందొచ్చే మాట అదే. కనుక పేపరు సంగతే ముందు తేల్చేద్దాం.

ఎర్ర లైటు కూడా ఆర్పేసి, కటిక చీకట్లో పేపరు నుంచి రెండు చిన్న ముక్కలు కత్తిరించు. ఒకటి నేరుగా, వెండి లవణాన్ని కరిగించే హైపోలో వెయ్యి. రెండోది డెవలపర్లో రెండు నిమిషాలు ఉంచి, ఆ తర్వాత హైపోలో వెయ్యి. రెండూ కడిగి పక్కపక్కన పెట్టి చూడు. రెండూ ఒకే తెలుపైతే పేపరు తప్పేం లేదు. రెండోది మాసినట్టు కనిపిస్తే పేపరుకి వయసైపోయిందన్నమాట. మూసేసిన స్టూడియోలో దొరికిందని తెచ్చుకున్నావే, ఆ ఇందు పేపరు డబ్బా మీద నాకు అనుమానమే. 1960లో ఊటీలో పెట్టిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సరుకు అది. ఆ కంపెనీయే మూతపడి చాలా కాలమైంది. మన కోస్తా ఉక్కలో అన్నేళ్ళు బీరువాలో మగ్గిన పేపరు తెల్లగా మిగలడం కష్టం. చేయి అలవాటు చేసుకోవడానికి వాడుకో, పెద్దవాళ్ళ ఫోటోలకి మాత్రం కొత్త డబ్బా తెప్పించు.

ఇక ఊదా మచ్చ. అది పూర్తిగా హైపో దగ్గర జరిగిన పొరపాటు. ప్రింట్లన్నీ ఒకే ట్రేలో ఒకదానిమీద ఒకటి పడేసి టీకి వెళ్ళి ఉంటావు. అతుక్కున్న చోటికి హైపో చేరదు. అక్కడ కరగకుండా మిగిలిన వెండి లవణం పగటి వెలుతురు తగలగానే రంగు తేలుతుంది. వెండి లవణాన్ని హైపో కరిగిస్తుందని జాన్ హెర్షెల్ 1819లోనే కనిపెట్టాడు. అయితే కరిగించాలంటే అది కాగితాన్ని అన్ని వైపులా తాకాలి కదా. పది నిమిషాలూ అక్కడే నిలబడి ప్రింట్లను పటకారుతో పైకీ కిందకీ మారుస్తూ ఉండు. రెండు ట్రేలు పెట్టుకుని చెరో అయిదు నిమిషాలు ఉంచితే ఇంకా మేలు. మొదటిది నీరసించాక పారబోసి, రెండోదాన్ని దాని స్థానంలోకి జరిపి, కొత్తగా కలిపింది రెండో ట్రేలో పొయ్యి. ఒక్క ట్రేతోనే సరిపెట్టుకుంటే మాత్రం లీటరు హైపోలో 8×10 సైజు ప్రింట్లు పాతిక దాటనివ్వకు.

లీటరుకి 200 గ్రాముల హైపో. కరుగుతున్నప్పుడు నీళ్ళు వాటంతటవే చల్లబడతాయి కాబట్టి గోరువెచ్చటి నీళ్ళతో మొదలుపెట్టు. పూర్తిగా చల్లారాకే 12 గ్రాముల మెటాబైసల్ఫైట్ వెయ్యి. వేడి మీద వేస్తే గంధకం విరిగి పాలలా తెల్లబడుతుంది, ఆ ట్రేలో పడ్డ ప్రింటు పసుపెక్కుతుంది. రొయ్యల హేచరీల్లో క్లోరిన్ విరుగుడుకి వాడే సోడియం థయోసల్ఫేట్ మన హైపోయే, తెలుసా? చెరువుల మందుల కొట్లో దొరుకుతుంది. కాకపోతే అందులో చెత్త ఉంటుంది. తేర్చి, గుడ్డలో వడగట్టి, పనికిరాని ప్రింట్ల మీద ముందు చూసుకో.

నీ పసుపు ప్రింటుకి హైపో ఒక్కటే కారణం కాకపోవచ్చు. సీసాలో డెవలపర్ ఏ రంగులో ఉంది? కలిపిన రోజు నీళ్ళలా ఉండాలి. టీ డికాషన్ రంగుకి వచ్చిందంటే గాలి తగిలి చెడింది, అది కాగితానికి అంటుతుంది. పారబొయ్యి. డెవలపర్ నుంచి తీసిన ప్రింటును నేరుగా హైపోలో వేసే అలవాటు కూడా మానుకో. మధ్యలో స్టాప్ బాత్ ఉండాలి. కిరాణా కొట్లో తెల్ల వెనిగరు సీసా తెచ్చి సగానికి సగం నీళ్ళు కలిపితే చాలు. హైపో చేతులతో డెవలపర్ ట్రే ముట్టుకోకు. తువ్వాళ్ళు కూడా వేరువేరుగా పెట్టుకో.

కషాయం రంగు ప్రింటు విషయం చిన్నదే. ఎన్లార్జర్ కింద ఎక్కువసేపు వెలుతురిచ్చి, బొమ్మ గబగబా నల్లబడుతుంటే భయపడి లాగేశావు. డెవలపర్ 20 డిగ్రీల్లో ఉండాలి, మనకి వేసవిలో కుళాయి నీళ్ళే ముప్పై దాటుతాయి. చేపల పెట్టెలకి కొట్టే ఐసు మీ ఊళ్ళో దొరక్కపోదు. కవరులో కట్టి ట్రే కింద ఉన్న పెద్ద పళ్ళెంలో పెట్టు, డెవలపర్లో మాత్రం వేయకు. అప్పుడు వెలుతురు తగ్గించి, నిండా రెండు నిమిషాలు ఆగు.

అసలు చెప్పాలనుకున్నది కడగడం గురించి. హైపో మిగిలిన ప్రింటు ఇవాళ బాగానే ఉంటుంది, కొన్నేళ్ళకి గోధుమరంగు తిరుగుతుంది. ఫోటోలు ఎందుకు వెలిసిపోతున్నాయో తేల్చడానికి 1855లో లండన్‌లో ఒక కమిటీయే వేశారు. సరిగా పోని హైపోయే ముఖ్య కారణమని వాళ్ళు తేల్చారు. పెడన కలంకారీ వాళ్ళు బట్టను పారే కాలువలో ఎలా జాడిస్తారో చూశావుగా, ప్రింటుకీ అదే ఓపిక కావాలి. మీ ఇంట్లో పారే నీళ్ళు లేవు కాబట్టి టబ్బులో అయిదేసి నిమిషాలకోసారి నీళ్ళు పూర్తిగా మారుస్తూ గంటసేపు కడుగు.

బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నాయని బెంగపడుతున్నావు. దాంట్లో మేలే ఉంది. ఉప్పునీళ్ళు కాగితంలోంచి హైపోని మంచినీళ్ళ కంటే తొందరగా లాగేస్తాయి. సముద్రపు నీళ్ళతో ఫోటోలు కడగడం గురించి రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కోడాక్ వాళ్ళు పరిశోధనే చేశారు. ముందు కడుగులన్నీ బోరు నీళ్ళతో కానిచ్చి, చివరి నాలుగయిదు కడుగులు మంచినీళ్ళతో చెయ్యి. ఉప్పు మిగిలినా ఫోటోకి చేటే. బోరు బకెట్టుకి తుప్పు చార పడుతోందా? అయితే ఆ నీళ్ళు వద్దు. మంచినీళ్ళకి వాడే కాలువ నీళ్ళు ఎర్రగా ఉన్నప్పుడు పటిక తిప్పి తేరనిచ్చి, వడగట్టుకో.

కడుగు చాలిందో లేదో తెలియాలంటే రెండు గ్లాసులు తీసుకో. ఒకదానిలో మంచినీళ్ళు, రెండోదానిలో అవే నీళ్ళలో ప్రింటు నుంచి కారిన చుక్కలు. రెండింట్లోనూ చెరువులకి వాడే పర్మాంగనేట్ గులాబి రంగు వచ్చేంత కలుపు. రెండో గ్లాసులో రంగు ముందుగా విరిగితే హైపో ఇంకా ఉంది. రెండూ ఒకేలా నిలిచాక కూడా మరో రెండు కడుగులు ఎక్కువే చెయ్యి. కాగితం మందంలో దాక్కున్న హైపో అంత తొందరగా బయటికి రాదు. ఆరబెట్టేటప్పుడు రొయ్యల చెరువు వైపు కిటికీ మూసెయ్యి. నల్లబురద వాసనలో ఉండే గంధకం వెండికి పడదు.

కాలువలు కట్టేసేలోపే కడగాల్సినవన్నీ కడిగేసుకో. ఆ తర్వాత మంచినీళ్ళ చెరువే దిక్కు. ఆ నీళ్ళు బిందెల కొద్దీ ఫోటోలకి పోస్తే మా చెల్లెలు ఊరుకోదు.