బొడ్డుతాడు జాతకం

ఈమధ్య ఒక మిత్రుల ఇంట బారసాలకు వెళ్ళాము. బియ్యంలో పేరు రాయడం అయ్యాక, బిడ్డ తండ్రి మమ్మల్ని పక్కకు పిలిచి మెల్లగా అడిగారు. "డాక్టరుగారూ, మా నాన్నగారు నలభై ఎనిమిదో ఏట గుండెపోటుతో పోయారు. వీడి సంగతి ఇప్పుడే తెలుసుకునే పరీక్ష ఏదైనా ఉందా?" లోపల పురోహితులు జాతకచక్రం వేస్తున్నారు. ఇద్దరి ముందూ ఉన్న ప్రశ్న ఒకటే కదా అనిపించింది.

ఆయనది వెర్రి ప్రశ్న కాదు. ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1911-30 మధ్య పుట్టిన మగబిడ్డల తూకాలు పాత పుస్తకాలలో దొరికాయి. వాటిని పట్టుకుని, తక్కువ బరువుతో పుట్టినవారిలో గుండెజబ్బు మరణాలు ఎక్కువని డేవిడ్ బార్కర్ బృందం 1989లో చూపింది. మనవాళ్ళ సంగతి మరీ విచిత్రం. పుణేలో డాక్టర్ యాజ్ఞిక్, ఆయన సహచరులు 2002లో అక్కడి శిశువుల బొడ్డుతాడు రక్తాన్ని లండన్‌లోని తెల్లవారి శిశువులతో పోల్చారు. పుణే బిడ్డలు బరువులో తక్కువ, అయినా ఇన్సులిన్ ఎక్కువ. చూడటానికి బక్కగా ఉన్నా లోపల కొవ్వు దాచుకున్న శిశువులన్నమాట.

అయితే ఇది గుంపును చూసి చెప్పిన మాట. ఈ ఒక్క పసివాడి అంకె ఏం చెబుతుంది? కాన్పు వేళ తల్లికి గ్లూకోజు ఎక్కిస్తే చాలు, ఆ అంకె మారవచ్చు.

మడమ మీద పొడిచి తీసే రక్తపు చుక్కతో థైరాయిడ్ పరీక్ష చేస్తున్నాము. అదీ హార్మోను పరీక్షే. కాని అందులో లోపం కనబడితే రెండు వారాల లోపే మందు మొదలుపెట్టి బిడ్డ మెదడును కాపాడగలము. చికిత్స ఉన్న జబ్బునే ముందుగా వెతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1968లో ప్రచురించిన నియమాలలో ఉంది. బొడ్డుతాడు ఇన్సులిన్‌కు అటువంటి మందు లేదు.

"ముందే తెలిస్తే జాగ్రత్త పడతాము కదండీ" అన్నారాయన. ఈ మాటకు మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. పడవలసిన జాగ్రత్త పరీక్ష లేకుండానే తెలిసినది: ఇంట్లో పొగ తాగకపోవడం, బిడ్డను ఆడుకోనివ్వడం, కుక్కి తినిపించకపోవడం. ఈ చివరిది మన ఇళ్ళలో సాధ్యమా? బిడ్డ తక్కువ బరువని తెలిస్తే అమ్మమ్మలు రెండు చెంచాల నెయ్యి ఎక్కువ వేస్తారు. బక్కగా పుట్టి తరవాత గబగబా లావెక్కే పిల్లలకే మధుమేహం భయం ఎక్కువ. అంతకంటే మమ్మల్ని ఆపినది ఆ తల్లి ముఖం. అంకె బాగులేదంటే "కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు?" అని అడిగేవారు ఆ గదిలోనే అరడజను మంది ఉన్నారు.

రేపు ఏదైనా మందు వస్తే మేమే ముందు సూది పట్టుకుంటాము. ఈనాటికి మాత్రం వద్దన్నాము. ఆయన తృప్తిపడలేదు.

"మీ రక్తపోటు ఎప్పుడు చూపించుకున్నారు?" అని అడిగాము.

ఆయన నవ్వి, "పెళ్ళికి ముందు" అన్నారు. అంతలో భోజనాలకు పిలిచారు.