ఈత రానివారి పలక

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 27:43, 44



గడచిన ఫిబ్రవరి నెలలో మన సంఘ యౌవనస్థులు తొమ్మిదిమందిని వెంటబెట్టుకొని మేము నెల్లూరునుండి కోవళమునకు పోయివచ్చితిమి. కేరళలోని కోవళము కాదు. చెన్నపట్టణమునకు దక్షిణమున సుమారు 40 కిలోమీటర్ల దూరములో, తూర్పు తీరపు రోడ్డుమీద నున్న జాలరిపల్లె. అక్కడ సర్ఫింగు నేర్పుదురు. పెద్దలలో కొందరు ఆ మాట వినియుండరు గనుక చెప్పుచున్నాము. మనిషికంటె పొడవైన పలకమీద బోర్ల పరుండి, చేతులతో నీళ్లు తోసికొనుచు పోయి, అల వచ్చి ఎత్తినప్పుడు చటుక్కున లేచి నిలిచి ఒడ్డువైపునకు వచ్చెడి ఆట అది. 2021లో జరిగిన టోకియో ఒలింపిక్సులో దానికి మొదటిసారి చోటు దొరికెను. సంఘమునకు ఈ ఆటతో పని యేమని అడిగినవారు కలరు. పిల్లలు ఎట్లును పోవుదురు. మనము వెంట పోవుట మేలని మేము తలంచితిమి.

బయలుదేరుటకు ముందు మూడు సాయంకాలములు మూటలు కట్టుకొనుటకే సరిపోయెను. ఎవ్వరికిని అనుభవము లేదు గనుక ప్రతివాడును తనకు తోచినదెల్ల తెచ్చెను. ఒకడు ఆన్‌లైనులో వెట్‌సూటు తెప్పించెను. అది చలిసముద్రములలో దిగువారు తొడుగుకొను దళసరి రబ్బరు ఉడుపు. మన బంగాళాఖాతపు నీరు ఫిబ్రవరిలోనైనను గోరువెచ్చగానే యుండును; దానిని తొడిగి ఎండలో నిలిచినవాడు ఉడికిపోవును. మరియొకడు పలకకు పూయు మైనపు బిళ్లలు ఆరు తెచ్చెను. క్రొత్తవారికిచ్చునవి పైన మెత్తని నురుగుపొర గల పలకలు. వాటికి మైనముతో అంతగా పనిలేదు. ఆ బిళ్లలు దారిలోనే కరిగి వాని బట్టలన్నిటికిని అంటుకొనెను. వాని తల్లి మమ్మును ఇంకను క్షమింపలేదు.

దావీదు సౌలు కవచము తొడిగి చూచి విప్పివేసిన సంగతి మీరెరుగుదురు. అది చెడ్డ కవచమని కాదు, తనకు వాడుక లేనిదని విప్పెను. ఆ సాయంకాలములలో ఆ అధ్యాయము మేము పిల్లలకు చెప్పితిమి. మరియు డ్యూక్ కహనమోకు అను హవాయి దేశీయుని గూర్చియు చెప్పితిమి. అతడు 1912 ఒలింపిక్సులో ఈతకు బంగారు పతకము పొందినవాడు. 1914వ సంవత్సరాంతమున సిడ్నీకి వచ్చినప్పుడు అతనియొద్ద పలక లేదు. ఆ ఊరిలో దొరికిన కొయ్యతోనే ఒకటి చెక్కుకొని, ఫ్రెష్‌వాటర్ అను తీరమున అలలమీద నిలిచి జనులకు చూపెను. ఆ పలక నేటికిని అక్కడ భద్రముగా నున్నది. అంతటివాడు పలక లేక పోగా, ఎన్నడును అల నెక్కనివాడు ముందుగానే పలక కొనుట యెందుకు?

అట్లని వట్టిచేతులతో పోవుట భక్తి యనుకొనరాదు. ప్రభువు ఒకమారు శిష్యులను సంచి లేకుండ పంపెను. మరియొకమారు సంచి గలవాడు తీసికొని పోవలెనని చెప్పెను. పౌలు చెరసాలలో నుండి, త్రోయలో విడిచిన అంగీని తెమ్మని తిమోతికి వ్రాసెను. చలికాలము వచ్చుచున్నది, అంగీ కావలెను; అందులో అపనమ్మకమేమియు లేదు.

కాగా ఏమి కావలెను? పొడుగుచేతుల బిగుతు చొక్కా ఒకటి. దానిని రాష్‌గార్డు అందురు. పలకమీద గంటసేపు బోర్ల పరుండి లేచినవాని పొట్టయు రొమ్మును ఎట్లు ఒరిసిపోవునో చూచినవారికి దాని విలువ తెలియును. ఎండనుండియు అది కాపాడును. బొత్తాములును జిప్పును లేని నిక్కరు లేక బిగుతు పైజామా. నీటిలో తొందరగా పోని సన్‌స్క్రీన్, అదియు రెండు గంటల కొకమారు మరల పూసికొనవలెను. రెండు జతల బట్టలు, ఒకటి ఆరునంతలో ఒకటి. తడిబట్టలకు ప్లాస్టిక్ సంచి, తువాలు, ఒడ్డున బట్టలు మార్చుకొనుటకు లుంగీ. ఓఆర్‌ఎస్ పొట్లములు, గాయముల మందు, ఎవరి మాత్రలు వారివి. ఉంగరములు ఇంటనే విడువవలెను. నీటిలో నానిన వ్రేలినుండి అవి తెలియకుండ జారిపోవును. పలకయు, పలకను కాలికి కట్టు తాడును నేర్పువారే యిత్తురు. ఇంతే. ఒక చిన్న సంచికి మించదు.

ఇంత విపులముగా మూటను గూర్చి ఆలోచించిన మేము, ఆ సాయంకాలములలో ఒక ప్రశ్న అడుగలేదు. అది కోవళము చేరిన రాత్రి మాకు ఎదురుపడెను.

నేర్పువారు ఒక్కొక్కరికి ఒక కాగితమిచ్చిరి. పేరు, వయస్సు, జబ్బులు, తరువాత "ఈత వచ్చునా?" అని యుండెను. తొమ్మిదిమందియు "వచ్చును" అని వ్రాసిరి. వారిలో ఒకనికి రాదని మాకు తెలియును. రైలు కదలుటకు ముందు వాని తల్లి మాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, వాడికి ఈత రాదు, మీదే భారము" అని చెప్పియుండెను. ఆమె పుట్టినిల్లు సముద్రతీరమున నున్న పల్లె. 2004 డిసెంబరు 26, క్రిస్మసు మరునాటి ఆదివారమున వచ్చిన సునామీని చూచిన మనిషి. అయినను కుమారుని పంపెను. మేము ఆ కాగితము చూచితిమి; క్రింద పెద్దవారి సంతకమున్న చోట సంతకము చేసితిమి. తోటివారిముందు పిల్లవాడు సిగ్గుపడునని మాకు మేమే చెప్పుకొంటిమి. నిజమేమనగా, మాకును ఈత రాదు. ఆ ప్రశ్న అడిగినయెడల మాకును తగులునని లోలోపల భయపడితిమి.

రాత్రి ప్రార్థనకు అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము తీసితిమి. సముద్రపు కథ గదా, పిల్లలకు ఇంపుగా నుండునని తప్ప వేరు ఉద్దేశము లేదు. మూడవ దినమున ఓడ సామగ్రి పారవేసిరి; పదునాలుగు రాత్రులు కొట్టుకొనిపోయిన తరువాత గోధుమలను సయితము సముద్రములో పోసిరి. వారి మూటలన్నియు పోయినవి. ఓడ నేలకు తగిలి, వెనుకభాగము అలల దెబ్బకు బద్దలగుచుండగా, శతాధిపతి ఆజ్ఞ యిచ్చెను. ఈత వచ్చినవారు మొదట దూకి దరికి పోవలెను. మిగిలినవారు పలకలమీదను ఓడ ముక్కలమీదను పోవలెను. అక్కడికి వచ్చుసరికి మా గొంతు ఆగెను.

ఆ ఓడమీద 276 మంది యుండిరి. వారిలో సైనికులు కలరు, నావికులు కలరు, ఖైదీలు కలరు. అంతకుముందే మూడుమారులు ఓడ పగిలి శ్రమపడిన పౌలు వారిలో నుండెను. ఆ ఆజ్ఞ విన్నప్పుడు ప్రతివాడును తాను ఏ గుంపువాడో తానే ఒప్పుకొనవలసి వచ్చెను. నిన్నటివరకు కత్తి పట్టుకొని ఖైదీని కాచిన సైనికుడు, నాకు ఈత రాదు, నాకొక పలక కావలెనని చెప్పినాడేమో! అందరి ప్రాణములు దక్కునని దేవుడు ముందుగానే పౌలుకు మాట యిచ్చియుండెను. ఆ మాట ఈతగాండ్రకు మాత్రమే ఇచ్చినది కాదు. రానివారి నిమిత్తము ఓడయే పగిలి పలకలయ్యెను. అయితే వచ్చునని బొంకి దూకినవానికి పలక ఎవరిత్తురు?

ప్రార్థన ముగిసెను. ఎవ్వరును మాటలాడలేదు. మేము ఆ పిల్లవానిని వెలుపలికి పిలిచి, "తమ్ముడూ, ఆ కాగితము దిద్దవలెను" అంటిమి. వాడు తల వంచుకొని, "మీకు తెలుసా అండి?" అనెను. "మీ అమ్మగారు చెప్పిరి" అంటిమి. అప్పుడు వాడు తల యెత్తి మమ్మును చూచెను. "తెలిసే సంతకము పెట్టినారా, అయ్యగారూ?"

ఇరువదియేండ్లుగా ప్రసంగములు చేయుచున్నాము. ఆ ప్రశ్నకు మాయొద్ద జవాబు లేకపోయెను. తప్పు చేసితిమని చెప్పితిమి, అంతే.

తెల్లవారుజామున ఇద్దరము కలిసి గురువునొద్దకు పోయితిమి. అతడు ఆ పల్లె జాలరుల బిడ్డ, ఇరువదియైదేండ్లు దాటనివాడు. కోపపడలేదు. "ముందే చెప్పితే మంచిదే అన్నా" అని వచ్చీరాని తెలుగులో అని, కాగితమును దిద్దెను. అది చూచి మరి యిద్దరు వచ్చి తమకును రాదనిరి. తొమ్మండ్రలో ముగ్గురు! వారికి వేరుగా ఒక మనిషిని పెట్టి, లైఫ్ జాకెట్లు కట్టి, నడుములోతు దాటనీయక నేర్పిరి. నీరు లోపలికి లాగునప్పుడు దానికి ఎదురీదరాదనియు, తేలుచు చెయ్యి యెత్తి పిలువవలెననియు, పలకను విడువరాదనియు, పడునప్పుడు తలను రెండు చేతులతో కప్పుకొనవలెననియు ఇసుకమీదనే పదేపదే చేయించిరి.

రెండవ దినమున మా పిల్లవాడు అలతో కూడ ప్రక్కకు జరిగి, అడుగున నున్న గుంటలో కాలుపెట్టి మునిగెను. గురువు చెయ్యిచాచు దూరములోనే యుండి, జబ్బ పట్టి పలకమీద వేసెను. వాడు దగ్గి, నీళ్లు ఉమ్మి, మరల పోవుదుననెను. మేము ఒడ్డున నిలిచి యదంతయు చూచితిమి. ఆ సాయంకాలము వాడు రెండు క్షణములు పలకమీద నిలిచెను. పిల్లలు వేసిన కేకలు పల్లె అంతట వినబడియుండును.

తిరిగి వచ్చిన పిమ్మట ఆ తల్లియొద్దకు పోయి జరిగినది దాచక చెప్పితిమి. ఆమె చాలసేపు ఏమియు అనలేదు. లేచి కాఫీ తెచ్చెను.

మరల పోవుటకు పిల్లలు అడుగుచున్నారు. అక్టోబరు మొదలు డిసెంబరువరకు ఈ తీరమున వానలును తుపానులును గనుక, ఆ మాసములు దాటనీయవలెను. ఈలోగా ఈత రానివారందరును శనివారపు సాయంకాలములలో నేర్చుకొనునట్లు ఏర్పాటు చేసితిమి. పేర్ల పట్టిక ఆలయపు గుమ్మమునొద్ద బల్లమీద నున్నది. వయస్సు నిమిత్తము లేదు. మొదటి పేరు మాది, రెండవది ఆ పిల్లవానిది. వచ్చువారు తువాలును ఒక జత పొడిబట్టలును తెచ్చుకొనిన చాలును.