గరగర

రేడియో సరిగ్గా వినబడకపోతే మనం మొట్టమొదట చేసే పనేమిటి? సౌండు పెంచటం. మాటతోపాటు గరగరా పెరుగుతుంది. పాపం, ఆ పెట్టెకి తెలిసింది అందినదాన్ని పెద్దది చేయటమే. అందినదాంట్లో మాటెంత, రొదెంత అన్న పాలు మాత్రం మీట ఎంత తిప్పినా మారదు.

మా పెదకూరపాడుకి విజయవాడ రేడియో స్టేషన్ దగ్గరే. 1948 డిసెంబరు 1న మొదలైన ఆ కేంద్రం మా చిన్నప్పుడు ఇంటింటా పలికేది. అయినా మిరపచేలో మోటారు స్టార్టరు వేశారంటే చాలు, వార్తల్లో సగం గాలికి పోయేవి. మీడియం వేవ్‌లో మాట, తరంగం బలంలోని హెచ్చుతగ్గులుగా ప్రయాణిస్తుంది. మెరుపూ, మోటారు నిప్పురవ్వా కదిలించేది కూడా ఆ బలాన్నే. ఏది పాటో, ఏది పిడుగో పెట్టెకెలా తెలుస్తుంది చెప్పండి?

మా నాన్నగారు సౌండు జోలికి పోయేవారు కాదు. ట్రాన్సిస్టర్‌ని బల్లమీద మెల్లగా తిప్పేవారు. లోపలున్న ఫెరైట్ కడ్డీ అన్ని వైపులా ఒకేలా వినదు. దాని కొన ఎటు చూస్తే అటునుంచి వచ్చేది బాగా తగ్గిపోతుంది. కొన మోటారు వైపు తిరగ్గానే గరగర సన్నగిల్లి, వార్తలు తేటపడేవి.

మంచి ఉపాయమే. కానీ అదే కొనని విజయవాడ వైపు తిప్పితే? విజయవాడే సన్నగిల్లిపోతుంది! వినే విద్యలోనే వినకుండా ఉండే విద్య కూడా దాగి ఉందన్నమాట.

ఆ రెండో విద్యలో మనుషులం ఆరితేరాం. ఇంటాయన పేపరు చూస్తూ అన్నది అభిప్రాయం. వంటింట్లో ఇల్లాలన్నది గొణుగుడు. వసారాలో ముసలమ్మ అన్నది నస. మా వీధిలో ఒక పెద్దావిడ కళ్ళు మసకేస్తున్నాయంటూ నెలల తరబడి సణిగింది. ఇంట్లోవాళ్ళు టీవీ సౌండు పెంచుకున్నారు. కొన్నాళ్ళకి సణుగుడు ఆగిపోయింది. ఇల్లు ప్రశాంతంగా ఉందని సంతోషించారు. ఆవిడ మానేసింది చూపు బాగుపడి కాదు, చెప్పీ లాభం లేదని.

రొద అని పేరు పెట్టే అధికారం ఎవరిది? అమెరికాలో కార్ల్ జాన్‌స్కీ అనే యువ ఇంజనీరుకి బెల్ ప్రయోగశాలవాళ్ళు ఒక పని అప్పజెప్పారు. సముద్రాలు దాటే రేడియో టెలిఫోనుకి అడ్డొస్తున్న రొద ఎక్కడిదో కనిపెట్టమని. ఆయన ఫోర్డ్ కారు చక్రాలమీద గుండ్రంగా తిరిగే పెద్ద ఏరియల్ కట్టి, అన్ని దిక్కులా విన్నాడు. దగ్గరి ఉరుములూ, దూరపు ఉరుములూ పోగా సన్నని బుస ఒకటి మిగిలింది. అది రోజుకి సుమారు నాలుగు నిమిషాలు ముందుగా వచ్చేది. అంటే సూర్యుడి లెక్క కాదు, నక్షత్రాల లెక్క! అది పాలపుంత నడిబొడ్డు దిక్కునుంచి వస్తోందని 1933లో లోకానికి చెప్పాడు. రేడియో ఖగోళశాస్త్రం ఆ బుసలోంచే పుట్టింది.

అలాగని ప్రతి రొదా నక్షత్రాల కబురని నేననను. మోటారు రొద మోటారు రొదే, చౌకరకం ఎల్‌ఇడి దీపం గరగర ఆ దీపం గరగరే. నేననేది ఒక్కటే. జాన్‌స్కీ ముందు అటు తిరిగి విన్నాడు, తర్వాతే పేరు పెట్టాడు. మనం ముందు పేరు పెట్టేసి, ఆపైన అటు తిరగటం మానేస్తాం. యంత్రానికి చూపించే ఆ పాటి ఓర్పు వసారాలోని మనిషికి బాకీ పడ్డామంటాను. మీరేమంటారు?