గబ్బిలము సాక్ష్యము

కామము సంతానార్థమే సృష్టింపబడినదనియు, ఋతుకాలము దాటిన పిదప మృగము మృగమువంక చూడదనియు, మనుష్యుడొక్కడే ఈ మర్యాద మీఱెననియు మన పురాణవేదికలపై తఱచు వినవచ్చుచుండును. జనగామ తాటివనములలోను, మహబూబాబాదు పల్లెల చింతతోపులలోను, భూపాలపల్లి అడవుల ఇప్పచెట్లపైనను రాత్రివేళ సంచరించు గబ్బిలములను ఈ వాదమునకు సాక్ష్యమిమ్మని పిలిచినచో అవి వాదికి బొత్తిగా ఉపకరింపవు.

పాత కట్టడముల పగుళ్లలో కాపురముండు పసుపుపొట్ట గబ్బిలమును కాశీలో శాస్త్రజ్ఞులు పరిశీలింపగా, ఆడుది చలికాలమున సంగమించి, పురుషబీజమును తన దేహమందే సజీవముగ నిలుపుకొని, వసంతారంభమున అండము విడుదలైనప్పుడే గర్భము ధరించునని తేలినది. తాటాకుల మాటున వ్రేలాడు చిన్న పండ్లగబ్బిలము ఏటికి రెండుమార్లు ఈనును. అందొక గర్భమున పిండము కొంతకాలము ఎదుగుదల మందగించి నిలుచును గావున, ఒకే తల్లికి రెండు గర్భముల కాలపరిమితియు సమానము కాదు. గర్భాధానమునకు ముహూర్తము పెట్టు దైవజ్ఞుడు వీనికి ఏ లగ్నమును లెక్కించునో!

రతివిషయమున వీని సాక్ష్యము మఱియు ఇబ్బందికరము. సంగమసమయమున ఆడుది పురుషాంగమును నాకుననియు, అందువలన సంగమము దీర్ఘమగుననియు ఈ చిన్నగబ్బిలములనే చైనాలో పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2009లో ప్రకటించిరి; తమిళనాటి పెద్దగబ్బిలములలో మగది ఆడుదానియెడ అట్లే ప్రవర్తించునని 2013లో వెల్లడియైనది. ప్రకృతివిరుద్ధమని మన నీతివేత్తలు త్రోసిపుచ్చు చేష్ట ప్రకృతిలోనే కానవచ్చినది. గబ్బిలము చేసినది గావున మనకును ధర్మమేయని వాదించుట అంతకంటె అవివేకము. ప్రకృతి జరుగుదానిని చెప్పునేగాని జరుగవలసినదానిని చెప్పదు. ధర్మమునకు విరుద్ధముకాని కామము తానేయని గీతాచార్యుడు పలికినప్పుడు, ఆ ధర్మమును నిర్ణయించు భారము మృగములపై మోపలేదు.

ఈ విషయమున ఇతిహాసము పురాణవక్తలకంటె ఉదారము. మృగరూపమున భార్యతో కూడియున్న కిందమముని తనను బాణమున కొట్టిన పాండురాజును శపించినది వేటాడినందుకు గాదు, సంగమము ముగియువఱకు ఆగనందుకు. అంతటి మన్ననయు లేక మన 1972 నాటి వన్యప్రాణి చట్టము పండ్లగబ్బిలములను ఎలుకలతోను కాకులతోను చేర్చి హానికర జంతువుల పట్టికలో ఉంచినది. 2022లో చేసిన సవరణ ఆ పట్టికనే తొలగించువఱకు, ఏటికొక్క పిల్లను మాత్రమే కను పెద్దగబ్బిలమును ఏ ఋతువున, ఏ స్థితిలో చంపినను అడుగువారు లేరు.