విల్లును తుపాకియు

విజయనగరము నుండి రాయపూరు పోవు రైలుమార్గమున, రాయపూరు సమీపించినంతనే మందిర్ హసౌద్ స్టేషను తగులును. అది ఛత్తీస్‌గఢ్ వరిమైదానము. అచ్చటినుండి దూరముగా దక్షిణమునకు పోయినచో బస్తరు అడవులు. 1910 ఫిబ్రవరిలో ఆ అడవులలో ఆదివాసులు గుండాధుర్ మున్నగువారి నాయకత్వమున విండ్లు పట్టి తిరుగబడిరి. భూమ్‌కాల్ అను పేరు గల ఆ తిరుగుబాటును తెల్లదొరల తుపాకులు కొద్ది నెలలలోనే అణచివేసెను.

అంతమాత్రమున తుపాకి పట్టినవాడే బలశాలియని తలచుట పొరపాటు. విలుకాని బలము అతని ఎముకలలో నుండును. 1545లో మునిగి 1982లో పైకి తేబడిన మేరీ రోజ్ అను ఇంగ్లీషు యుద్ధనౌకలో దొరికిన విండ్లలో పెక్కింటిని లాగుటకు నూరు పౌనులకు మించిన బలము కావలెనని అంచనా. అందలి కొన్ని అస్థిపంజరములలో భుజపుటెముక కొన అతుకుకొనకయే యున్నది. చిన్ననాటినుండి విల్లు లాగుటయే అందులకు కారణమై యుండునని పరిశోధకులు కొందరు ఊహించిరి. తుపాకికి ఇంతటి తపస్సు అక్కరలేదు. కొన్ని వారముల కవాతు చాలును. మనిషి పడవలసిన శ్రమను కర్మాగారము పడినది. అయితే ఆ బలము ఎవరిది? మందును తూటాను చేయువానిదే కాని, మీట నొక్కువానిది కాదు.

కష్టార్జితమైన విద్య మనిషికి నిగ్రహమును నేర్పునని విలువిద్యను మెచ్చువారు కలరు. ద్రోణుని కథ తెలిసినవారు ఈ మాటను నమ్మజాలరు. కాని ఆ కథలోనే మరియొక సంగతి కలదు. ఏకలవ్యుని విల్లు లాగికొన్న ప్రయోజనము లేదు. వెదురు కొట్టి వేరొకటి చేసికొనును. కావుననే ఆచార్యుడు బొటనవ్రేలు అడుగవలసి వచ్చినది. 1878లో ఆయుధ చట్టము చేసిన ప్రభుత్వమునకు ఎవరి వ్రేలితోను పని లేకపోయెను. లైసెన్సు నిరాకరించిన చాలును.

అల్లూరి సీతారామరాజు ఈ చిక్కును ఎరిగినవాడు. విల్లు చేతనున్న మన్యపు వీరులను వెంటబెట్టుకొని, 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపైనను, తరువాతి రెండు దినములలో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపైనను పడి, తుపాకులను తూటాలను పట్టుకొనిపోయెను. ఇది విలువిద్యకు ద్రోహమనరాదు, అన్యమార్గము లేదు. అయినను మ్రానున గ్రుచ్చుకొన్న బాణమును పెరికి మరల సంధింపవచ్చును. పేలిన తూటాకు బదులు మరియొకటి కావలెనన్న, మన్యములో దానిని పోతపోయు కొలిమి లేదు. శత్రువు కొట్టునకే పోవలెను. తరువాతి ఠాణాలలో ఆయుధములను ముందుగానే తరలించివేసిన పిమ్మట ఆ దారియు ఇరుకైనది. 1924 మే 7న బంధింపబడిన రాజును కొయ్యూరు వద్ద కాల్చి చంపిరి. దానికి బలముగాని గురిగాని అవసరము లేకపోయెను.