వంకాయ ఖరీదు

బేరమాడటం తప్పా, ఒప్పా అన్న ప్రశ్న అరవై ఏళ్ళు వచ్చేదాకా నాకు తట్టలేదు. చివరికి దాన్ని నా నెత్తిన వేసింది ఒక వంకాయ.

రిటైరైన మర్నాడే, తొలకరి పడిందన్న ధైర్యంతో పెరట్లో గునపం వేశాను. ఠంగుమంది. మాది బనగానపల్లె. మా పెరట్లో పైన జానెడు మట్టి, దాని కింద నాపరాయి. 2022లో మమ్మల్ని కర్నూలు జిల్లాలోంచి తీసి నంద్యాల జిల్లాలో వేశారు గాని, ఆ సంగతి యీ నేలకు యింకా చేరినట్టు లేదు.

"వజ్రాలేమైనా తగిలాయా?" అని కిటికీలోంచి అడిగింది మా ఆవిడ. ఎత్తిపొడుపే గాని ఆధారం లేనిది కాదు. ఒకప్పుడు యీ చుట్టుపక్కల వజ్రాలు తవ్వేవారు. నాకు దొరికినవన్నీ బండలే. కూలి మనిషిని పెట్టి రెండు రోజులు తవ్విస్తే వచ్చిన రాళ్ళతో వెనక గుమ్మం దగ్గర ఒక అరుగు కట్టుకున్నాం. తోట వల్ల మాకు కలిగిన శాశ్వత లాభం యిదొక్కటే.

సొరపాదు బ్రహ్మాండంగా పాకింది. సాయంత్రమయ్యేసరికి తెల్లటి పూలు. వారం గడిచినా కాయ లేదు. విచారిస్తే అవన్నీ మగపూలేనని, ఆడపూలు తరవాత వస్తాయని, వాటికి పువ్వు కిందే చిన్న పిందె వుంటుందని తెలిసింది. ఆడపూలు వచ్చేసరికి మేక వచ్చింది.

వీరబ్రహ్మేంద్రస్వామి మా వూళ్ళో గరిమిరెడ్డి అచ్చమ్మ గారి పశువులు కాస్తూ, రవ్వలకొండ దగ్గర మంద చుట్టూ ఒక గీత గీస్తే ఒక్క ఆవు కూడా దాటేది కాదని చెప్పుకుంటారు. నేను గీతతో సరిపెట్టలేదు. 1,800 రూపాయలు పోసి ముళ్ళకంచె వేయించాను. మేక దాటింది. యిక కాకులు. అగస్త్యుడి శాపం వల్ల పక్కనే వున్న యాగంటికి కాకులు రావంటారు. అక్కడికి రానివన్నీ ఎక్కడికి పోతున్నాయో నన్నడిగితే చెబుతాను.

మిగిలింది వంగ. అదైనా నిలబడుతుందనుకుంటూ వుండగా కొమ్మల చివర్లు వాడి తలలు వేలాడేశాయి. దాహమేమో పాపం అని రోజుకు రెండు బిందెలు ఎక్కువ పోశాను. తీరా చూస్తే కొమ్మ లోపల పురుగు. వాడిన కొమ్మను పురుగుతో సహా తుంచి పారేయాలట. నేను దానికి పూటపూటా స్నానం చేయించాను. అది కొమ్మల్లోంచి కాయల్లోకి మకాం మార్చింది.

అప్పుడే ఒక చిత్రమైన సంగతి తెలిసింది. వంకాయ మీద మనకు కనబడే రంధ్రం పురుగు లోపలికి వెళ్ళిన దారి కాదు. తిని, బలిసి, బయటికి పోయిన దారి. వెళ్ళేటప్పుడు తొడిమ దగ్గర ఎవరికీ తెలియకుండా దూరుతుంది. అంచేత నున్నగా నిగనిగలాడే కాయలో అది యింకా కాపురం వుండవచ్చు.

ఇది తెలిశాక నాకు అవ్వ గుర్తొచ్చింది. సొంత చేలో కాసిన కూరగాయలు తట్టలో పెట్టుకుని బజారులో కూర్చునే ముసలామె. ఏళ్ళ తరబడి ఆమె దగ్గరే కొంటున్నాను. ఒకసారి రంధ్రాలున్న కాయలన్నీ ఏరి ఆమె ముందే నేల మీద పెట్టి, "ఇవి ఎవరికి అంటగడదామని తెచ్చావు?" అన్నాను. ఆ పురుగుల్ని ఆమే పెంచినట్టు! ఆమె ఏమీ అనలేదు. కాయల్ని ఏరి కొంగులో వేసుకుంది. ఆ మాట ఏడాది తరవాత పెరట్లో నాకు నేనే చెప్పుకోవలసి వచ్చింది.

ఎండాకాలం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆడం స్మిత్ అనే పెద్దమనిషి 1776లో అచ్చయిన తన గ్రంథంలో, నీరు అంత వుపయోగమైనదై వుండి దానితో ఏమీ కొనలేమని, వజ్రం దేనికీ పనికిరాకపోయినా దానితో ఎంతైనా కొనవచ్చునని విస్తుపోయాడు. మే నెలలో మా వూళ్ళో వుండి వుంటే ఆయన ఆ మాట మరోలా రాసేవాడు. బోరు ఎండిపోయి మూడుసార్లు ట్యాంకరు తెప్పించాను, 500 చొప్పున.

ఏడాది తిరిగాక మా ఆవిడ పద్దు రాసింది. విత్తనాలు 200, కంచె 1,800, బండెడు దిబ్బఎరువు 1,500, కూలి 1,200, రబ్బరు గొట్టం 900, నీళ్ళు 1,500. మొత్తం 7,100. యింటికి చేరిన వంకాయలు 71. మేకలూ కాకులూ తిన్నవి లెక్కలోకి రావట.

"కాయ వంద రూపాయలు" అంది. "మీ కూలి వేయలేదు."

నవ్వాను గాని ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. నా కష్టానికి తగ్గ ధర చెబితే వంకాయ కొనేవాడు లోకంలో లేడు. నేనూ కొనను. మరి ధర ఎవరు చెప్పాలి? పత్తికొండ మార్కెట్లో రేటు పడిపోయినప్పుడు రైతులు టమేటాలు రోడ్డు మీద పారబోసిన ఫోటోలు పేపర్లో చూసి, అయ్యో అనుకుంటూనే బజారుకు వెళ్ళి యింకో అయిదు తగ్గించమన్నవాణ్ణి నేను. బస్సులో టిక్కెట్టుకి, మందుల షాపులో మాత్రకి ఏనాడూ బేరమాడలేదు. అచ్చువేసిన ధర ముందు తల వంచేవాణ్ణి. నా నేర్పంతా నేల మీద తట్ట పెట్టుకుని కూర్చున్న మనిషి దగ్గరే. అలా మిగిల్చిన పది రూపాయల్ని యింటికొచ్చి సంపాదన లాగా చెప్పుకునేవాణ్ణి కూడా.

మర్నాడు బజారుకు వెళ్ళాను. వంకాయలు కిలో నలభై అంది అవ్వ. కిమ్మనకుండా నలభై తీసిచ్చాను. ఆమె డబ్బు వంకా నా మొహం వంకా చూసింది.

"ఏం సారూ, ఒళ్ళు బాగలేదా?"

"బాగానే వుంది అవ్వా. ఎందుకు?"

"నువ్వు ముప్పై అంటావనే గదా నేను నలభై చెప్పింది! నువ్వు అనకపోతే నేనేం జెయ్యాల?"

పది వెనక్కి యివ్వబోయింది. వద్దన్నాను. ధర్మం చేస్తున్నావా అన్నట్టు చూసి, కోపం తెచ్చుకుంది. ఆమె ముప్పై అంటుంది, నేను నలభై అంటాను. జనం ఆగి చూడటం మొదలుపెట్టారు. అన్నేళ్ళలో మొదటిసారి తిరగేసి బేరమాడుకుని, చివరికి ముప్పై అయిదుకు తెగ్గొట్టాం. కొసరుగా ఆమె ఒక కాయ సంచిలో పడేసింది.

ఇంట్లో మా ఆవిడ ఆ కొసరు కాయనే ముందు తీసింది. "రంధ్రం వుంది, చూసుకోవద్దూ?"

"రంధ్రం వుంటే భయం లేదు. పురుగు వెళ్ళిపోయిందన్నమాట" అన్నాను.

ఆవిడ నమ్మలేదు. కత్తిపీట ముందు కూర్చుని, కాయను రెండుగా కోసి చూసుకుంది.