లేని ఆకుకి అక్షతలు

దేవుడికి పెట్టే పువ్వుకి దొంగతనం అంటదంటారు. నేనూ చిన్నప్పటినుంచీ అదే నమ్మాను. అలా నమ్మడం నాకు సుఖంగా ఉంది కాబట్టే నమ్మానని ఈమధ్యే తెలిసింది.

కోనసీమలో మా ఊరి కాలేజీ తోట మాకందరికీ పంచాంగం లాంటిది. ఆషాఢం వస్తే ఆడపిల్లలు గోరింట కొమ్మలు వంచుతారు. భాద్రపదంలో పత్రి, కార్తీకంలో ఉసిరిచెట్టు కింద భోజనాలు, ధనుర్మాసంలో గొబ్బెమ్మలకి బంతిపూలు, ఉగాదికి వేపపువ్వు. నేను బి.ఏ. చదివింది అక్కడే. ఇప్పుడు పొద్దున్నే నడకకి వెళ్ళేదీ అక్కడికే. నాలా వచ్చేవాళ్ళు చాలామంది. చేతిలో సంచి లేనివాళ్ళు మాత్రం తక్కువ.

మొన్న వినాయక చవితినాడు తెల్లవారకుండానే వెళ్ళాను. గరిక, ఉత్తరేణి, జిల్లేడు దారిపక్కనే దొరికాయి. మారేడు, వావిలి చేతికందాయి. వృక్షశాస్త్రం పిల్లలు పేరు రాసిన రేకు కట్టి పెంచుతున్న జమ్మి మొక్క దగ్గర ఆగాను. మోకాలెత్తు కూడా లేదు. అప్పటికే ఎవరెవరో దూసేశారు. మిగిలింది ఒక్క రెమ్మ. అది నేను తుంచాను.

వెనక్కి తిరిగితే తోటమాలి.

“దేవుడికే కదండమ్మగారూ, వద్దనడానికి నోరు రాదు. నీళ్ళు పొయ్యడానికి మాత్రం దేవుడి పేరు చెప్పి ఎవరూ రారండి” అన్నాడు. కోపంగా అనలేదు. అంచేతే ఎక్కువ తగిలింది.

ఇంటికొచ్చి పూజకి కూర్చున్నాం. మా అమ్మాయి పుస్తకం చూసి 21 పత్రాల పేర్లూ చదువుతోంది. “దేవదారు” అంది. అది హిమాలయాల చెట్టు, మన కొబ్బరితోటల మధ్య ఎక్కడ దొరుకుతుంది? మా అత్తగారు ఎప్పట్లాగే నాలుగు అక్షతలు వేశారు. లేని ఆకుకి బదులు అక్షతలు వెయ్యడం మనందరి ఇళ్ళల్లో ఉన్నదేగా! అందుకని అయినవిల్లి విఘ్నేశ్వరుడు ఎవరిమీదా అలిగినట్టు వినలేదు.

“శమీపత్రం” అనేసరికి నా చెయ్యి ఆగిపోయింది. లేనిదాన్ని దేవుడు అడగడు. మరి ఆ రెమ్మ ఎవరికోసం తుంచినట్టు? పత్రి ఒక్కటి తప్ప అన్నీ కుదిరాయని పక్కింటావిడతో చెప్పుకోడానికి!

పారిజాతం సంగతి చూడండి. రాత్రి పూసి తెల్లవారేసరికి రాలిపోతుంది. నేల రాలిన పువ్వు పూజకి పనికిరాదనే పెద్దవాళ్ళే, పారిజాతాలు మాత్రం రాలినవే ఏరుకోమన్నారు. చెట్టు ఇచ్చేదాకా ఆగమని కాదూ?

ఒక్క రెమ్మకి ఇంత ఆలోచనా అంటారేమో. ఆ మొక్కని దూసినవాళ్ళంతా తలా ఒక్క రెమ్మే దూసి ఉంటారు.

“పెట్టెయ్యవే, కోసి పారేస్తే రెండు తప్పులవుతాయి” అన్నారు అత్తగారు. పెట్టాను. దణ్ణం మాత్రం మోడైన ఆ మొక్కకే పెట్టుకున్నట్టయింది.

ఆ ఆదివారమే గోదావరి అవతల కడియం వెళ్ళి రెండు జమ్మి మొక్కలు తెచ్చాను. ఒకటి మా దొడ్లో నాటాను. రెండోది తోటమాలికి ఇస్తే, “ఇదీ దూసేస్తారండీ” అన్నాడు.

“నీళ్ళు పొయ్యడానికి నేనొస్తాలే” అన్నాను.

వెళ్తున్నాను. సంచి ఇంట్లో వదిలేసి మరీ. పాత మొక్క ఇంకా చిగురు వెయ్యలేదు. వచ్చే చవితికి శమీపత్రం దగ్గర మా ఇంట్లో అక్షతలే.